కంప్యూటర్లకు అద్దాలు తొడిగిన రోజులు

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు ఒక్క ప్రశంసాపత్రం రాలేదు. రాలేదన్న బాధా లేదు. నాచారం పారిశ్రామికవాడలో ఒక మోటార్ల కంపెనీ ఆఫీసులో ఉన్న ఆరు కంప్యూటర్లనూ పది రోజుల్లో అద్దాలమేడగా మార్చిన ఘనత నాది. ఆ తర్వాత వారం తిరక్కుండానే వాటిని పసుపు ముద్దలు చేసిన ఘనతా నాదే. ఇవి రెండూ ఎలా జరిగాయో ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీకు చెప్పాలని ఎప్పటినుంచో ఉబలాటం. మీ ఫోన్ మీద వేలు ఆనిస్తే రంగులన్నీ మారిపోతాయి, అందులో గొప్పేముంది అంటారేమో. కాస్త ఓపిక పట్టండి.

మావారిది ఉప్పల్లో స్కూలు ఉద్యోగం. తెనాలి వైపు నుంచి వచ్చి అక్కడే కాపురం పెట్టాం. నేను రోజూ షేర్ ఆటోలో నాచారం వెళ్లేదాన్ని. మా కంపెనీ బోరుబావుల్లో దించే నీళ్ల మోటార్లు తయారుచేసేది. నా హోదా పేరు సిస్టమ్స్ ఇన్‌చార్జి. పేరు బరువైనదే గానీ పని మాత్రం ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడం, కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్లు అన్నీ లేచాయో లేదో చూడటం, ఎవరైనా "మేడమ్, ఇది ఆగిపోయింది" అంటే వెళ్లి ఆపి మళ్లీ ఆన్ చేయడం. చాలాసార్లు అంతటితో బాగైపోయేది. వాళ్లు నన్ను దేవతలా చూసేవారు, నేనూ కాదనేదాన్ని కాదు.

అది రెండు వేల ఏడో ఎనిమిదో. అప్పుడే కొత్త విండోస్ వచ్చింది. అందులో ప్రతి కిటికీ అంచూ అద్దంలా ఉండి, వెనక ఉన్న బొమ్మ మసకమసకగా కనిపించేది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక నెట్ సెంటర్లో మొదటిసారి చూశాను. పిల్లాడి పరీక్ష ఫలితాలు చూడటానికి వెళ్లి, ఫలితం సంగతి మర్చిపోయి ఆ కిటికీని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. నెట్ సెంటర్ యజమాని రెండుసార్లు దగ్గాడు. మా ఆఫీసులోవి పాతబడ్డ కంప్యూటర్లు, ఆ కొత్తది వేస్తే అక్కడికక్కడే కుప్పకూలుతాయి. అయితే పాత విండోస్‌కే పైన కొత్త చొక్కా తొడిగినట్టు తొడిగే థీములు, స్కిన్లు ఉంటాయని ఆయనే చెప్పాడు. అలా మొదలైంది నా పిచ్చి.

ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలమ్మే చోట కంప్యూటర్ పత్రికలతో ఉచితంగా ఇచ్చే సీడీలు దొరికేవి. పత్రిక అక్కర్లేదు, సీడీ చాలు అంటే అమ్మేవాడు నన్ను వింతగా చూసేవాడు. తక్కినవి నెట్ సెంటర్లో దించుకుని పెన్‌డ్రైవులో పెట్టుకునేదాన్ని. ఆ పెన్‌డ్రైవును దారానికి కట్టి మెళ్లో వేసుకుని తిరిగేదాన్ని. మావారు దాన్ని చూసి, "రెండో మంగళసూత్రం ఎవరు కట్టారు?" అనేవారు.

మొదట నా కంప్యూటర్‌కే వేసుకున్నాను. ఒకసారి అది అసలు లేవలేదు. రెండోసారి లేచింది. కిటికీలన్నీ పల్చటి గాజు పలకలు, వాటి వెనక మంచు కొండ. గడియారం గుండ్రంగా మూలన తేలుతోంది. పాటలు పాడే కిటికీ పాతకాలపు రేడియో ఆకారంలోకి వచ్చింది, బిరడా తిప్పితే శబ్దం పెరిగేది. నేను చప్పట్లు కొట్టాను. ఆఫీసంతా నా కుర్చీ చుట్టూ చేరింది. నలభై దాటిన మనిషినని కూడా చూసుకోకుండా గెంతినంత పని చేశాను.

ఇక చూడండి. మా అకౌంట్స్ గారు భీమవరం మనిషి, పెద్దవాడు, ఆచారపరుడు. తనకు ఏడుకొండలవాడి బొమ్మ కావాలన్నాడు. పెట్టాను. కిటికీలు గాజువి కావడంతో ఆయన లెక్కలన్నీ స్వామివారి కిరీటం మీద పడ్డాయి. ఆయన ఒక అంకె కొట్టడం, లెంపలేసుకోవడం, మళ్లీ ఇంకో అంకె కొట్టడం. షెడ్డు ఫోర్‌మన్‌కు అభిమాన హీరో కావాలి, అదీ కత్తి పట్టుకున్న ఫోటోనే కావాలి. స్టోర్స్ అమ్మాయికి మౌస్ బాణం బదులు సీతాకోకచిలుక కావాలి. ఓనరుగారి అల్లుడు ఆఫీసు వ్యవహారాలు చూసేవాడు, ఆయన్ని చిన్నసారు అనేవాళ్లం. ఆయనైతే తన గదిలో మిషనుకు నల్ల గాజు వేయించుకుని, వచ్చిన ప్రతివాడికీ కిటికీలు జరిపి చూపించేవాడు. కంప్యూటర్లు ఆ బరువు మోయలేక పిండిమరల్లా రొద పెట్టేవి. ఒక కిటికీ తెరవమంటే టీ తాగి వచ్చేసరికి తెరుచుకునేది. ఎవరికీ పట్టలేదు.

అందరికంటే చివర, సరుకు పంపే పని చూసే మనిషి దగ్గరికి వెళ్లాను, ఆయన్ని డిస్పాచ్ అన్న అనేవాళ్లం. ఆయన యాభై అయిదు దాటినవాడు. పొద్దున్నే ఘట్‌కేసర్‌లో ప్యాసింజర్ ఎక్కి, మౌలాలిలో దిగి, అక్కణ్నుంచి నాచారం వచ్చేవాడు. ఏ లారీలో ఏ ఊరికి ఎన్ని మోటార్లు వెళ్లాలో ఆయన కొట్టి ప్రింటు తీస్తేనే సరుకు కదిలేది. ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఆయన వాటిని ముట్టుకోనన్నాడు. నేనే రంగులతో నేర్పాను. పంపాల్సిన సరుకు జాబితాకు ఆకుపచ్చ పట్టీ, స్టాకుకు నీలం పట్టీ, గేటు పాసుకు ఎర్ర పట్టీ వేయించాను. "పచ్చది తెరువు, ఎర్రది కొట్టు, అంతే అన్నా" అన్నాను. మూడు వారాల్లో పట్టేశాడు. అప్పటినుంచి నన్ను చెల్లె అని పిలిచేవాడు.

"నాకెందుకు చెల్లె గివన్ని? నాది మంచిగనే ఉన్నది గదా" అన్నాడు.

"అందరికీ వేసి నీకు వెయ్యకపోతే బాగుంటుందా అన్నా? చూడు ఎంత చక్కగా ఉంటుందో" అన్నాను.

ఆయన కాదనలేదు. కాదంటే వినే స్థితిలో నేనూ లేను. అద్దం తొడిగేశాను. ఆకుపచ్చ, నీలం, ఎరుపు పట్టీలు మూడూ పొగరంగు గాజులైపోయాయి. "అబ్బ, ఎంత బాగుందో" అని నేనే అనుకుని నేనే వెళ్లిపోయాను.

నాలుగో రోజు నాగారం డీలరు ఫోన్ చేశాడు. కాలనీల్లో ఇళ్ల బోర్లకని ఆయన ఇరవై చిన్న మోటార్లు అడిగాడు. వెళ్లినవి పొలాల్లో వేసే నలభై పెద్ద మోటార్లు. "గివి దించితె మా కాలనీ మొత్తం కరెంటు వోతది సార్" అని ఆయన అంటుంటే ఫోన్లోంచి గది అంతా వినిపించింది. జరిగిందేమిటంటే, డిస్పాచ్ అన్న తెర మీద రెండు జాబితాలు ఒకదానిమీద ఒకటి తెరిచి ఉన్నాయి. పైది ఆ రోజుది, కిందది పోయిన వారంది. గాజులోంచి రెండూ కలిసిపోయి కనిపించాయి. ఆయన కిందదాన్ని ప్రింటు కొట్టేశాడు.

చిన్నసారు అందరి ముందూ డిస్పాచ్ అన్నతో అన్నాడు: "శనివారం డీలర్లందరూ ఆఫీసు చూడ్డానికి వస్తున్నారు. మీరు వాళ్ల ముందే కంప్యూటర్‌లో ఎంట్రీ చేసి చూపించాలి. ఇంకొక్క తప్పు జరిగితే ఈ టేబుల్‌కి కొత్తవాళ్లను తీసుకుంటాను. మీరు గేటు దగ్గర కూర్చుని లారీ నంబర్లు రాసుకోండి."

డిస్పాచ్ అన్న తల వంచుకుని నిలబడ్డాడు. ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. "అంత రంగులు వేసి నేర్పించాను కదన్నా, ఆమాత్రం చూసుకోవద్దా?" అని నేనూ ఒక మాట విసిరాను. ఆ రంగులు తుడిచేసింది నేనేనన్న సంగతి నా బుర్రకు తట్టనేలేదు.

మర్నాడు బుధవారం. అందరూ భోజనాలకు లేచారు. నా మాట నాకే గుచ్చుకుని, మళ్లీ ఒకసారి నేర్పిద్దామని ఆయన పక్కన కుర్చీ వేసుకున్నాను. జాబితా తెరిచి, "ఇది చదువన్నా, ఎక్కడ తడబడుతున్నావో చూద్దాం" అన్నాను.

ఆయన గడగడా చదివాడు. "మౌలాలి, పన్నెండు, సింగిల్ ఫేజు. చర్లపల్లి, పది, సింగిల్ ఫేజు. భువనగిరి, ఆరు, త్రీ ఫేజు."

ఎక్కడా తడబాటు లేదు. ఒక్కటే చిక్కు. నేను పొరపాటున ముందురోజు జాబితా తెరిచాను. తెర మీద మౌలాలి లేదు, చర్లపల్లి లేదు. మొదట నా కళ్లే మసకేశాయేమో అనుకుని ముందుకు వంగాను. అప్పుడు ఆయన ముఖం చూశాను. ఆయన చూపు తెర మీద లేదు, తెరకు జానెడు పక్కన గోడ మీద ఉంది.

రోజూ పొద్దున్నే ఆయన ఆర్డరు కాగితాలు తీసుకుని పెరట్లో ఎండలో అరగంట నిలబడేవాడు. బీడీ కాల్చుకోవడానికని మేమంతా నవ్వుకునేవాళ్లం. ఆ అరగంటలో ఆయన కాగితాలను ముక్కు దగ్గర పెట్టుకుని కంఠతా పట్టేవాడు. లోపలికొచ్చి రంగు గుర్తుపట్టి, వేళ్ల అలవాటుతో కొట్టేవాడు. ఎన్నాళ్లనుంచో అలాగే నడుపుతున్నాడు, ఒక్క తప్పు లేకుండా. నా గాజు పలకలు వచ్చి ఆ ఉన్న ఒక్క ఆధారాన్నీ లాగేశాయి.

"అన్నా, నీకు కనపడటం లేదు కదూ?" అన్నాను.

ఆయన మౌస్ మీదనుంచి చెయ్యి తీసేశాడు. "పొర వచ్చింది చెల్లె. రెండు కండ్లకు. మా పెద్దన్నకు గిట్లనే వస్తె ఎన్కట ఊర్ల ఆపరేషన్ జేసిన్రు. ఉన్న సూపు గూడ వోయింది. గందుకే నేను దవాఖాన మొఖం సూడలే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చిన్నసారుకు చెప్తవా?" అని అడిగాడు.

"చెప్పను."

"గేటు కాడ కూసోవెడ్తనన్నడు. లారీ నంబరు నడుస్తుంటె సూసి రాయాలె. గది నాతోని అయితదా? ఒక్క దినంల దొరికిపోత. ఇగ ఇంటికే."

నాకు ఏడుపొచ్చింది. నా కులుకుకు ఒక మనిషి కూడు పోయేలా ఉంది. పైగా ఆ మనిషినే నలుగురిలో మందలించాను. ఏమీ తోచక, "అసలు నీకు ఏవి కనపడతాయన్నా?" అని అడిగాను. పిచ్చి ప్రశ్నే.

ఆయన ఆలోచించాడు. "స్టేషన్ బోర్డు కనబడ్తది. రైలు ఇంక దూరం ఉండంగనే మౌలాలి అని మంచిగ సదువుత. గంత లావు అక్షరాలు గదా."

పసుపు మీద నలుపు. నేను కుర్చీలోంచి లేచాను. "అన్నా, నీకు నేనొకటి చేసిపెడతాను. నువ్వు నాకొకటి చెయ్యాలి. శనివారం గడిచాక కళ్లు చూపించుకోవాలి" అన్నాను. ఆయన నా చేతిలో చెయ్యేశాడు గానీ మనస్ఫూర్తిగా వేయలేదు.

అప్పటిదాకా నేను అందం కోసం తిరిగినదాన్ని. ఆ మధ్యాహ్నం నా చేత్తో చేసినంత వికారమైన థీము ఈ భూమ్మీద ఇంకెవరూ చేసి ఉండరు. తెరంతా పసుపు. అక్షరాలు బొద్దుగా, కాటుక నలుపు. పట్టీలు మళ్లీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు, ఒక్కోటీ బెత్తెడు వెడల్పు. మౌస్ బాణం తమలపాకంత. ఒక కిటికీ వెనక ఇంకొకటి పిసరంత కూడా కనపడకుండా గట్టి గోడ కట్టినట్టు చేశాను. తెరకు నాలుగు వరుసలకు మించి పట్టలేదు. పూర్తయ్యాక దూరంగా నిలబడి చూస్తే పచ్చకామెర్లు వచ్చినట్టుంది. కానీ డిస్పాచ్ అన్న కుర్చీలో కూర్చుని, కాస్త ముందుకు వంగి, గోడ వైపు కాకుండా తెర వైపు చూసి చదివాడు. మెల్లగా, కూడబలుక్కుంటూ, తెర మీద ఉన్నదే చదివాడు. నాకు అద్దాల కిటికీ మొదటిసారి తెరుచుకున్న రోజుకంటే ఎక్కువ సంతోషం వేసింది.

అయితే ఇంకో భయం పట్టుకుంది. అందరి తెరలూ అద్దాల్లా మెరుస్తూ ఉంటే, ఈ ఒక్కటే పసుపు బోర్డులా ఎందుకుందని ఎవరైనా అడగరా? చిన్నసారు అడిగితే ఏం చెప్పాలి?

గురువారం పొద్దున అకౌంట్స్ గారు ఏదో కాగితం కోసం డిస్పాచ్ టేబుల్ దగ్గరికి వెళ్లాడు. తెర చూశాడు. డిస్పాచ్ అన్నను చూశాడు. తన చోటికి వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి నన్ను పిలిచి, "ఏవమ్మా, నాకూ ఆ పసుపుది వేసిపెట్టు" అన్నాడు.

"మరి స్వామివారో?"

"ఇంట్లో చూసుకుంటాన్లే. ఆయన నెత్తిన అప్పులూ ఆస్తులూ రాయలేక చస్తున్నాను."

మధ్యాహ్నం ఫోర్‌మన్ వచ్చాడు. "నాకు గూడ గదే ఎయ్యక్కా. గా కత్తి మొఖం సూసి సూసి యాష్టకొచ్చింది" అన్నాడు. పోయిన వారం ఆ కత్తి ఫోటో కోసం నా ప్రాణం తీసింది ఇతనే. సాయంత్రానికి స్టోర్స్ అమ్మాయి వచ్చి, తనకు చిన్నప్పటినుంచీ పసుపంటే ప్రాణమంది. ఆ పిల్ల ఒంటి మీద ఏనాడూ పసుపు బట్ట చూసిన గుర్తు లేదు. ఒక్కరూ అసలు కారణం నోటితో చెప్పలేదు. నేనూ అడగలేదు. అందరం ఒకరికొకరం చక్కగా అబద్ధాలు చెప్పుకున్నాం. నా మంచుకొండనూ తీసేసి నేనూ పసుపు పూసుకున్నాను. శుక్రవారానికి చిన్నసారు గదిలోది తప్ప అయిదూ స్టేషన్ బోర్డులయ్యాయి.

శనివారం పొద్దున చిన్నసారు కొత్త సూటు వేసుకుని హాల్లోకొచ్చి, ఒక్కో తెరా చూసుకుంటూ నడిచి, నా దగ్గర ఆగాడు. డిస్పాచ్ అన్న అప్పుడు పెరట్లో కాగితాలతో నిలబడి ఉన్నాడు.

"మేడమ్, ఇది ఆఫీసా, పెళ్లి పందిరా? గ్లాస్ థీమ్ ఏది? నేను డీలర్లకు చెప్పాను, మా సిస్టమ్స్ అన్నీ లేటెస్ట్ అని."

నాకు కాళ్లు వణికాయి. కానీ మా వంశంలో నోరు మాత్రం ఎవరికీ వణకదు. "అద్దంలోంచి వెనకది కనపడటం వల్లే నాగారం సరుకు తప్పు పోయింది సార్. అద్దం వేసింది నేను. ఆ తప్పు డిస్పాచ్‌ది కాదు, నాది. ఇవాళ డీలర్లకు దూరం నుంచి అక్షరం కనపడాలి. కనపడకపోతే సోమవారం నుంచి గేటు దగ్గర నన్ను కూర్చోబెట్టండి" అన్నాను.

ఆయన ఏదో అనబోయాడు. బయట కార్ల హారన్లు వినిపించాయి. డీలర్లు వచ్చేశారు.

పదిహేను మంది దాకా ఉంటారు. డిస్పాచ్ టేబుల్ చుట్టూ మూగారు. డిస్పాచ్ అన్న లోపలికొచ్చి, చొక్కా సర్దుకుని కూర్చున్నాడు. కంఠతా పట్టినదాన్ని తప్పులేకుండా కొట్టుకుంటూ పోయాడు. నేను వెనక నిలబడి వేళ్లు విరుచుకుంటున్నాను. అందరి వెనకా, తలుపు దగ్గర నిలబడ్డ నాగారం డీలరు సోడాబుడ్డి కళ్లద్దాలు సర్దుకుని, బడిపిల్లాడిలా పైకి చదివాడు. "నాగారం, ఇరవై, సింగిల్ ఫేజు. ఈసారి మంచిగ కొట్టినవన్నా." అందరూ నవ్వారు. దాంతో తక్కినవాళ్లూ మొదలుపెట్టారు. నాది ఏది, నాది చూపించు అని ఒకటే గోల.

అప్పుడు చర్లపల్లి డీలరు చెయ్యెత్తాడు. "అన్నా, నాది పది గాదు. జర పదిహేను చెయ్యి."

పెరట్లో కంఠతా పట్టిన కాగితంలో ఈ పదిహేను లేదు. ఇప్పుడు ఆయన నిజంగా తెర చూడాలి, వరుస వెతకాలి, అంకె మార్చాలి. పదిహేను మంది చూస్తున్నారు, వాళ్ల మధ్యలో చిన్నసారు. అకౌంట్స్ గారు తన టేబుల్ దగ్గరే లేచి నిలబడి స్వామివారిని తలుచుకుంటున్నట్టు పెదాలు కదుపుతున్నాడు.

డిస్పాచ్ అన్న ముందుకు వంగాడు. తమలపాకంత బాణం మెల్లగా కదిలింది. భువనగిరి దగ్గర ఆగింది. నేను కళ్లు మూసుకుందామనుకుని మూసుకోలేకపోయాను. బాణం మళ్లీ పైకి జరిగి చర్లపల్లి మీద నిలబడింది. ఒకటి, అయిదు. ఆకుపచ్చ పట్టీ మూశాడు, ఎర్ర పట్టీ తెరిచాడు, ప్రింటు కొట్టాడు. కాగితం కిర్రుమంటూ బయటికొచ్చింది. చర్లపల్లి డీలరు దాన్ని అందుకుని, "పదిహేను" అని తలూపి జేబులో పెట్టుకున్నాడు.

చిన్నసారు వెంటనే ముందుకొచ్చి, "చూశారుగా, ట్రాన్స్‌పరెన్సీ మా పాలసీ. అందుకే ఈ డిజైన్ నేనే దగ్గరుండి చేయించాను" అన్నాడు. ఆ తెర మీద ట్రాన్స్‌పరెన్సీ అన్నది చుక్క కూడా లేదు. నేను వినయంగా తలాడించాను. గేటు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సోమవారం మాట ప్రకారం రమ్మంటే డిస్పాచ్ అన్న నసిగాడు. దసరా కానీ అన్నాడు, కోడలు పురుడు కానీ అన్నాడు. అకౌంట్స్ గారు వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. "నాకు రెండు కళ్లకూ అయ్యిందండి, పోయినేడాది వేసవిలో. యాత్రకెళ్తున్నానని సెలవు పెట్టి చేయించుకున్నాను. మనం గోడ వైపు చూసి చదివే చదువు నాకు తెలీదనుకున్నారా?" అన్నాడు. ఆ మధ్యాహ్నమే అకౌంట్స్ గారూ నేనూ డిస్పాచ్ అన్నను చెరోపక్కా పట్టుకుని కంటి ఆసుపత్రికి ఆటో ఎక్కించాం.

ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. మూడు వారాల తర్వాత నల్ల కళ్లద్దాలతో ఆఫీసుకొచ్చాడు. కుర్చీలో కూర్చుని, అద్దాలు తీసి, తన తెర వైపు చాలాసేపు చూశాడు.

"గిదేంది చెల్లె, గింత గలీజుగున్నది?" అన్నాడు.

"నీ కోసమే చేశానన్నా, అందం చూసుకోలేదు."

ఆయన లేచి నా టేబుల్ వెనక్కి వచ్చాడు. నా తెర చూశాడు. అక్కణ్నుంచి అకౌంట్స్ గారి వెనక్కి, స్టోర్స్ అమ్మాయి వెనక్కి, గాజు తలుపు తీసి ఫోర్‌మన్ గదిలోకి వెళ్లాడు. ఇన్నాళ్లూ ఆయన మా టేబుళ్ల వైపు వచ్చిందే తక్కువ. తిరిగొచ్చి హాలు మధ్యలో నిలబడ్డాడు.

"నాకు లోకమంత పసుపు పసుపుగనే కొడ్తుండె. పొర వల్ల గట్ల ఉంటదన్నడు డాక్టరు. గప్పుడప్పుడు మీ దిక్కు సూస్తె పసుపు గొట్టేది, నా కండ్లే గట్లున్నయనుకున్న. మీరందరు గూడ గిదే ఏసుకున్నరా? ఇన్ని దినాలు గీ మొఖాన్ని సూసుకుంటనే పని జేసిన్రా?"

స్టోర్స్ అమ్మాయి తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు నటించింది. ఫోర్‌మన్ తలుపు దగ్గర నిలబడి, "మాకు మంచిగనే ఉన్నది పెద్దన్నా" అన్నాడు.

"చెల్లె, మొదలు ఆల్లయి మార్చు. ఆల్ల దేవుడు, ఆల్ల హీరో, ఆల్ల సీతాకోకచిలుక ఆల్లకియ్యి. నాది ఆఖర్ల. నాకు గూడ గా అద్దం ఎయ్యి, ఎట్లుంటదో ఇగనన్న సూస్త" అన్నాడు. అంటూనే కళ్ల వెంట నీళ్లు జారాయి.

అకౌంట్స్ గారు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు. "ఏవండోయ్, ఇదేం పని? నెల్లాళ్లదాకా కంట్లో నీళ్లు పడకూడదని డాక్టరు చెప్పలేదూ?"

డిస్పాచ్ అన్న తుడుచుకోబోయి, కంటికి చెయ్యి తగలకూడదని గుర్తొచ్చి, చెయ్యి గాలిలోనే ఆపేశాడు.

"బయటి నీళ్లు పడొద్దన్నడు సార్" అన్నాడు. "లోపలి నీళ్ల సంగతి చెప్పలే."